గంగారాం మామ విస్తరిలో రేపు ఏం పెట్టాలి

నిన్న పొద్దున జగిత్యాల బస్సులో ఉండగా తమ్ముడి ఫోన్.

"అక్కా, గంగారాం మామ పోయిండే. నిద్రలనే."

"ఏ గంగారాం మామ?" అన్నాను.

నాకున్నదే ఒక్క మేనమామ. కోరుట్ల గంగారాం మామ. అయినా అట్లా అడిగాను.

మామ గల్ఫ్‌లో మేకలు కాశాడు. తిరిగొచ్చాక మటన్ మానేశాడు. "పేరు పెట్టి పిలిస్తె ఉరికొచ్చేటియే, ఎట్ల తింటనే?" అనేవాడు. తర్వాత పాలు, నెయ్యి. ఆఖరికి తేనె కూడా.

మేమంతా వీగన్ అనే మాట నేర్చుకున్నది ఆయన్ని తిట్టడానికే.

పెరట్లో స్టీవియా మొక్క పెట్టాడు. ఒక్క ఆకు వేస్తే చాలు, టీ తియ్యగా అయిపోతుంది. పెళ్లయ్యాక మా ఆయన మొదటిసారి వస్తే, మామ పల్లి పాలతో టీ పెట్టి అందులో గుప్పెడు ఆకు వేశాడు.

పాపం, ఈయన సిరిసిల్ల చేరేదాకా నోరు చప్పరిస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చి ఆవకాయ తిన్నా తియ్యగానే ఉందట!

కిందటేడు మామకు కాళ్లు తిమ్మిర్లు. బీ ట్వెల్వ్ తక్కువుంది, గుడ్లు తినమన్నాడు డాక్టర్. మామ ఆ మాట విననట్టే మునగాకు, పుట్టగొడుగులు, నాచు ట్యాబ్లెట్లు అన్నీ లాగించాడు. రిపోర్ట్ మాత్రం కదల్లేదు.

చివరికి ఇంజెక్షన్. దాన్ని సూక్ష్మజీవులతో తయారు చేస్తారని డాక్టర్ చెప్పగానే మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గా సూక్ష్మజీవులను ఏమన్న తిప్పల పెడ్తరా సార్?"

నవ్వు ఆపుకోలేక నేను బయటికి పారిపోయాను.

రేపు మూడో రోజు. పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. మటన్, కల్లు లేకుంటే ముట్టదని పెద్దలు నిన్నటి నుంచి ఒకటే లొల్లి.

ఇందాక అత్త కలగజేసుకుంది.

"దసరాకు మనం మటన్ తింటుంటె ఆయన ఏనాడన్న వద్దన్నడా? చెట్లకు నీళ్లు పోస్తనని బయటికి పోయేటోడు. రేపు ఆయన విస్తరిల మన ఇష్టమేంది?"

నాకు ఏడుపు ఆగలేదు.

రొట్టెలు నలిపి మలీద నేనే చేస్తున్నా. నెయ్యి బదులు నువ్వుల నూనె. బెల్లం సరిపోకపోతే నీ స్టీవియా ఉంది. ఒక్క ఆకే వేస్తాను.

మామా, రేపు తప్పకుండా రా. పిట్ట ముట్టకపోతే అత్త మాట పోతుంది.

పాలు లేవు, నెయ్యి లేదు, తేనె లేదు. ఎవరినీ తిప్పలు పెట్టలేదు.

ప్రశాంతంగా తిని పో.