కలరా ఉండల మూట

ఢిల్లీ ధౌలా కువాన్ సైనిక క్వార్టర్లలో ఉండే ఇంద్రాణి ప్రతి ఆదివారం కారు బానెట్ ఎత్తుతుంది. భర్త లదాఖ్ వెళ్లినప్పటి నుంచి కారు కదలక, వైర్లు కొరికే ఎలుకలు చేరుతున్నాయి. కొంగు బిగించి, టార్చి వెలుగులో ప్రతి వైరునూ వేలితో తడిమి, పెంటికలు ఊడ్చి, కొత్త కలరా ఉండలు మూటకట్టి వేలాడదీస్తుంది. ఈమధ్య జ్వరంతో రెండు వారాలు ఆ పని తప్పింది.

అప్పుడే పక్కింటి హర్‌ప్రీత్, తల్లికి ఊపిరాడడం లేదంటూ పరుగున వచ్చి, కారు నడుస్తుందా అని అడిగింది. "దీదీ, గాడీ చలేగీ?"

బానెట్ కింద ఎలుకలు కట్టిన దూదిగూడు కనిపించింది. ఇంద్రాణి దాన్ని చేత్తో లాగేసి, తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది.

ఆస్పత్రిలో ముసలమ్మ తెరిపినపడ్డాక భర్తకు ఫోన్ చేసింది.

"కారు స్టార్టయిందండీ."

"ఏమైంది ఇంద్రా?" ఆయన కంగారుపడ్డాడు.

"ఏమీ కాలేదండీ. అదే చెబుతున్నా."