పన్నెండు సంతకాలు, ఒక్క పెట్టె

"పానా పట్టుకుని నవ్వడం వచ్చా నీకు?"

ప్రాజెక్టు ఆఫీసరు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అప్పటికే ఆమె చేతిపంపుల మరమ్మతులో ఇరవై ఒక్క రోజుల శిక్షణ పూర్తిచేసింది. వంద అడుగుల లోతు నుంచి ఇనుప కడ్డీలు ఒక్కొక్కటీ పైకి లాగి, అరిగిన తోలు వాషరు మార్చి, మళ్లీ దించిన మనిషి. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు. పానా తిప్పడం వచ్చా అని ఆయన అడగనే లేదు.

"అది శిక్షణలో నేర్పలేదండీ," అంది.

వీధిలో అందరూ ఆమెను పానక్క అంటారు. మొదట వెక్కిరింపుగానే అన్నారు. మొగుడు దర్జీ, నెమ్మదస్తుడు. అత్తగారు మాత్రం మాట దాచుకునే రకం కాదు.

పంపుల ప్రాజెక్టుకు డబ్బిచ్చేది ఎక్కడో దూరదేశం. తాము బయటి దేశాలకిచ్చే ప్రతి సాయంలోనూ పని, జీతం, పెత్తనం సగం ఆడవాళ్లకు దక్కాలని ఆ దేశపు విదేశాంగ శాఖ ఒక విధానం రాసుకుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మాట అక్కడి రాజధానిలో బయల్దేరి ఇక్కడి స్టోరు గది దాకా క్షేమంగానే వచ్చింది. ఆ తలుపు దగ్గర ఆగిపోయింది. దానికి తాళం ఉంది.

శిక్షణ చివరి రోజున పన్నెండు మంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టి రిజిస్టరులో సంతకాలు పెట్టించారు. "పనిముట్ల పెట్టె ముట్టినది" అని ప్రతి పేరుకూ ఎదురుగా రాసి ఉంది. కొన్నది ఒక్కటే పెట్టె. మిగతావి దారిలో ఉన్నాయన్నారు. ఆ ఒక్కదాన్నే ఫోటో స్టూడియోలో అద్దెకోటులా చేతులు మార్చి పన్నెండు ఫోటోలు తీశారు. పన్నెండు పెట్టెలూ రిపోర్టులోకి ఎక్కాయి. ఉన్న ఒక్కటీ స్టోరులోకి వెళ్లింది.

నెల తర్వాత పానక్క స్టోరుకు వెళ్లి పెట్టె అడిగింది. స్టోరు కీపరు రిజిస్టరు తిప్పి చూపించాడు.

"ఇచ్చేశాం కదమ్మా. ఇది నీ సంతకమే కదా?"

"సంతకం నాదే. పెట్టె ఏదీ?"

"ముట్టినది అని రాసుంది. చదువుకున్న దానివి, నువ్వే ఇలా అంటే ఎలా?"

"సరే బాబాయ్, అలాగే రాసుండనివ్వు. కొట్టేయకు," అని వచ్చేసింది.

పంపు చెడితే కబురు ఎప్పటిలాగే పాత మెకానిక్కులిద్దరికే వెళ్లేది. పంపుకు ఆరువందలు కూలి. ఆడవాళ్లకు కబురొచ్చేది అతిథులు వచ్చినప్పుడు. పసుపు హెల్మెట్ పెట్టుకుని, బోల్టు మీద పానా ఆనించి నిలబడితే రెండువందల భత్యం. పద్నాలుగు నెలల్లో పానక్క అలా తొమ్మిదిసార్లు నిలబడింది.

"ఇరవై ఒక్క రోజులు చదివొచ్చావు, పేరు గొప్ప ఊరు దిబ్బ! మనింట్లో కుళాయి కారుతోంది చూడు," అంది అత్తగారు.

పానక్క పొరుగింటి నుంచి పానా అరువు తెచ్చి కుళాయి బిగించింది. అత్తగారు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఈ పనికి డబ్బెవడిస్తాడే?" అంది. అందులో వెక్కిరింపు లేదు.

పదోసారి కబురొచ్చింది. ఈసారి విదేశాంగ శాఖ నుంచే ఒక పెద్దావిడ వస్తోంది. రాబోయే మూడేళ్ల డబ్బు ఆమె రాసే నాలుగు వాక్యాల మీద ఆధారపడి ఉందట. బడి ఆవరణలోని పంపు చూపించాలని నిర్ణయించారు. అతిథి కారు దిగగానే నీళ్లు రావాలి కాబట్టి, పొద్దున్నుంచి ఒక మనిషిని పెట్టి పిడి కొట్టిస్తూనే ఉన్నారు. పానక్క వెళ్లి పిడి మీద చెయ్యి వేసింది. తేలిగ్గా ఊగింది. వాషరు పోయింది.

అతిథి వచ్చింది, ఆమె వెంట దుభాషి. ఫోటో కోసం స్టోరు కీపరు ఉన్న ఆ ఒక్క పెట్టెనూ తెచ్చి పంపు పక్కన పెట్టాడు. కెమెరా సిద్ధమైంది. పానక్క బోల్టు మీద పానా ఆనించింది. ఆనించి ఊరుకోక తిప్పింది.

"ఇస్త్రీ కొట్టు వదినా, ఇటు పట్టు," అంది తనతో శిక్షణ పొందినామెతో.

"ఏం చేస్తున్నావ్? విప్పొద్దు!" ఆఫీసరు పళ్ల బిగువున అన్నాడు.

"విప్పకపోతే బాగవదండీ."

"బాగానే ఉంది!"

"మీరు కొట్టించబట్టి ఉంది. రేపు పిల్లలొచ్చి కొడితే గాలొస్తుంది."

పైమూత దిగింది, గొలుసు ఊడింది, కడ్డీలు ఒక్కొక్కటీ గచ్చు మీదికి వచ్చాయి. చివర్న నలిగిన వాషరు బయటపడింది. పెట్టెలోంచి కొత్తది తీసి వేసింది. పదిహేను నిమిషాలకని వచ్చిన అతిథి గంటన్నర బడి మెట్ల మీద కూర్చుంది. మర్యాద కోసమో, ఆసక్తి కొద్దీనో నాకు తెలియదు. చివరికి దుభాషి ద్వారా ఒక మాట అడిగింది.

"శిక్షణ అయ్యాక మీరు ఎన్ని పంపులు బాగుచేశారు?"

"ఇదే మొదటిదండీ. ఫోటోలు మాత్రం తొమ్మిది దిగాను."

దుభాషి ఒకసారి ఆఫీసరు మొహం చూసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పంపు బిగించి, నాలుగు దెబ్బలకే నీళ్లు రప్పించి, పానక్క పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దింది. పెట్టెను సైకిలు వెనక కట్టడం మొదలుపెట్టింది. స్టోరు కీపరు పరుగెత్తుకొచ్చాడు.

"అది స్టోరుది తల్లీ!"

"నాది బాబాయ్. ముట్టినది అని రాసుంది. నువ్వేగా చూపించావు?"

"అది రిపోర్టు కోసం పెట్టించిన సంతకం!" అన్నాడు ఆఫీసరు, గొంతు తగ్గించి.

"ఆ మాటేదో గట్టిగా చెప్పండి. ఆవిడా ఇక్కడే ఉన్నారు, దుభాషీ ఉంది."

ఆఫీసరు పెట్టెనూ అతిథినీ మార్చి మార్చి చూశాడు. పెట్టె ఆమెది కాదంటే పన్నెండు పెట్టెలూ అబద్ధమవుతాయి. ఆమెదే అంటే పెట్టె వెళ్లిపోతుంది. అతిథి అటే చూస్తోంది. ఆయన నవ్వాడు. పానా లేకుండానే.

పానక్క సైకిలెక్కి వెళ్లిపోయింది.

మూడేళ్ల డబ్బు మంజూరైంది. "స్థానిక మహిళలు చొరవ తీసుకున్నారు" అని రిపోర్టులో పడింది, బురద చేతుల ఫోటోతో సహా. ఆ చొరవ ఎవరికి ఎదురు నిలబడి తీసుకున్నారో రాయలేదు. మిగతా పదకొండు మందీ మర్నాడే స్టోరు ముందు నిలబడి తమ సంతకాలు చూపించమన్నారు. నాలుగు పెట్టెలు వచ్చాయి, ఏడు రావాలి. ఆ ఏడుగురూ ప్రతి సోమవారం వెళ్తున్నారు. ఇప్పుడు చుట్టుపక్కల వీధులవాళ్లు పంపు చెడితే ఆఫీసుకు కాదు, దర్జీ కొట్టుకు ఫోన్ చేస్తారు. పానక్క ఇప్పటికి ముప్పై ఒక్క పంపులు బాగుచేసింది. ఫోటోకు పిలిస్తే, "ఏ పంపు చెడింది?" అని అడిగి ఫోన్ పెట్టేస్తుంది.

బడి పంపు బాగుచేసిన కూలికి ఆమె బిల్లు పెట్టింది. ఆ రోజు జరిగింది ప్రదర్శనే గానీ మరమ్మతు కాదని ఆఫీసు తిప్పి పంపింది. మళ్లీ పెట్టింది. ఆ ఆరువందలు ఇంకా రాలేదు.