తడి బస్తాలు, పొడి బస్తాలు

బూడిదలో పోసిన పన్నీరు అంటారు గానీ, ఆ బియ్యం మిల్లులో బూడిదలో పోసింది ఉత్త కుళాయి నీళ్లే. అవీ వృథా పోలేదు. కొన్నేళ్లపాటు ఒక మనిషి ఊపిరిని కాపాడాయి. ఆ తరవాత ఇంకో మనిషి కన్ను తీశాయి.

మిల్లులో బాయిలరుకు మేత ఊక. ధాన్యం మీంచి ఊడిన ఊకనంతా మింగి, వెనకవైపు గొట్టంలోంచి బూడిదగా కక్కుతుంది. ఆ గొట్టం మూతి దగ్గర సంచి పట్టుకుని నిలబడేది పెద్దక్క. మిల్లులో అందరికీ ఆమె పెద్దక్కే. సొంత చెల్లెలు మాత్రం ఒక్కతే, చిన్నది. తల్లి పోయాక దాన్ని చంకనేసుకుని పెంచింది. పెరిగాక చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ బూడిదలోనే నిలబెట్టింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే కొట్టడానికి వచ్చేది.

చిన్నదానికి ఛాతీ పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, "దుమ్ముకు దూరంగా ఉండమ్మా" అన్నాడు. బాగానే చెప్పాడు మహానుభావుడు, పూట గడిచేదెలాగో కూడా చెబితే ఇంకా బాగుండేది. చివరికి పెద్దక్కే ఒక దారి వెతికింది. బూడిద కొనేవాళ్లు ఇద్దరు. ఇటుకలు చేసేవాళ్లకు తడైనా ఒకటే, పొడైనా ఒకటే. ఉక్కు ఫ్యాక్టరీకి మాత్రం ఎండు బూడిదే కావాలి. కరిగిన ఉక్కు చల్లారకుండా దాని మీద బూడిదను దుప్పటిలా పరుస్తారు. అందులో చెమ్మ ఉందంటే ఉక్కు పేలి మనిషి మీదకి చిమ్ముతుంది. అందుకని దుమ్ము లేచే పొడి బస్తాలన్నీ పెద్దక్క తనే నింపి తెల్లదారంతో కుట్టేది. ఇటుకల వాళ్ల కుప్ప మీద బిందెలతో నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక చిన్నదాన్ని అక్కడ కూర్చోబెట్టేది. తడి బస్తాలకు ఎర్రదారం.

"నువ్వు మింగట్లేదా దుమ్ము?" అని చిన్నది సాధించేది.

"నాది ఇనప గుండెలే, నీ పని చూసుకో" అనేది పెద్దక్క.

ఒకరోజు ఎర్రదారం అయిపోయింది. వెళ్లి సూపర్‌వైజరుకు చెప్పింది. ఆయన చచ్చినా ఎండలోకి రాడు. వెనకాల అందరూ నీడసారు అనేవాళ్లు. ఆ నీడలోంచే చెప్పాడు.

"ఈపూటకి అన్నిటికీ తెల్లదే కుట్టెయ్యండి."

"కలిసిపోతే ప్రమాదం సార్."

"నాకు పాఠాలు చెప్తావా? గోడవార ఉన్నవి తడివి. నాకు తెలీదా ఏంటి?"

చిన్నది పక్కనే నిలబడి వింది. పెద్దక్క నెత్తీనోరూ బాదుకుని అయినా అక్కడే ఆపాల్సింది. కానీ పైవాడు చెప్పాక కిందవాళ్లు ఎన్నిసార్లు ఆపగలరు? పెద్దక్క కుట్టేసింది.

మర్నాడు ఉక్కు ఫ్యాక్టరీ లారీ పెందలాడే వచ్చింది. గోడవార వరుస లారీకి దగ్గర. దారం చూస్తే తెలుపు. హమాలీలు అవే ఎత్తారు. నీడసారు ఫోనులో ఊకదంపుడు కబుర్లలో ఉన్నాడు. అక్కాచెల్లెళ్లు వచ్చేసరికి లారీ వెళ్లిపోయింది, గోడవార నేల బోసిగా ఉంది. పెద్దక్క నీడసారు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, ఫోన్ చెయ్యండి, ఆపించండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఈపాటికి ఆరిపోయుంటాయిలే. గోల చెయ్యకు."

సాయంత్రానికి కబురొచ్చింది. ఉక్కు మీద బూడిద పోసినవాడి ముఖం కాలిందట, ఒక కన్ను పోయిందట. పెద్దక్క ఆ పూట అన్నం ముట్టలేదు. కుట్టమన్నది ఎవరైతేనేం, నీళ్లు చల్లింది తన చెయ్యే కదా అని కుమిలిపోయింది. నీడసారు మాత్రం అన్నం తినే ఉంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

తెల్లారి ఆయన మొదటిసారి ఎండలోకి వచ్చాడు, పెద్దక్కను వెతుక్కుంటూ.

"ఫ్యాక్టరీ వాళ్లు వస్తున్నారు. ఎవర్నీ అడక్కుండా నేనే తెల్లదారం కుట్టానని చెప్పు. ఇక్కడ ఇక కుళాయి పీకేస్తారు, చుక్క నీళ్లుండవు. చిన్నదాన్ని బియ్యం ఏరే గదిలో వేయిస్తా. అక్కడ దుమ్ముండదు. ఆలోచించుకో."

"వద్దక్కా, నేను విన్నాను. నేను చెప్తాను" అంది చిన్నది.

"నోరు మూసుకో. నీకు ఊపిరి కావాలా, న్యాయం కావాలా?"

యజమాని గదిలో అందరి ముందూ పెద్దక్క చెప్పేసింది. వచ్చినవాళ్లలో కన్ను పోయినవాడి అన్న ఉన్నాడు. "నువ్వు మనిషి పుట్టుకే పుట్టావా?" అన్నాడు. తల దించుకుని పడింది. ఆ మాట పడాల్సినవాడు పక్కనే కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. సాయంత్రం దాకా కూడా ఉంచలేదు, అప్పుడే గేటు బయటికి పంపేశారు. అయినా పెద్దక్క మనసు తేలికపడింది. పోతే పోయింది పని, చిన్నది గట్టెక్కింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడితే, చిన్నది కనురెప్పల దాకా బూడిదతో వచ్చింది.

"బియ్యం గదిలో వెయ్యలేదా?"

"గొట్టం దగ్గర నీ చోటు ఖాళీ అయింది కదక్కా. ఇంకెవరూ ఒప్పుకోలేదు. నన్ను నిలబెట్టారు."

పెద్దక్క డబ్బా కింద పడేసి గేటు మీదకు పోయింది. యజమానికి ఉన్నదున్నట్టు చెప్తాను, లోపలికి వదలమంది. వాచ్‌మన్ చెడ్డవాడు కాదు. మెల్లగానే చెప్పాడు.

"నిన్న అందరి ముందూ నీ నోటితోనే ఒప్పుకున్నావు కదమ్మా. ఇవాళ మాట మారిస్తే ఎవరు నమ్ముతారు?"

"ఇది విందిగా, దీన్నడగండి."

"అది నీ చెల్లెలే కదమ్మా."

చిన్నది కిందపడ్డ డబ్బా తీసి, దులిపి, అక్క చేతిలో పెట్టింది. గంట కొట్టారు. కొంగుతో ముక్కు కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.