నోవైలో వేసిన పందిరి

మా అమ్మాయి పెళ్లాడింది యూదుల అబ్బాయిని. పెళ్లి మెక్సికోలో, సముద్రం ఒడ్డున చేద్దామనుకున్నాం. పెళ్లికి ముందరి చలికాలమంతా ప్రతి ఆదివారం అతని నానమ్మ, మంచు కురిసే నోవై ఊళ్లోని మా ఇంటికి వచ్చేవారు. యూదుల పెళ్లిలో వధూవరులు నాలుగు కర్రలకు కట్టిన బట్ట కింద నిలబడతారు. ఆ బట్టను మేమిద్దరం కలిసి కుట్టాం. ఆవిడ భర్త ప్రార్థనలో కప్పుకునే శాలువాకూ, నా పెళ్లినాటి మధుపర్కం చీరకూ అంచులు కలిపాం. నా కుట్లు వంకరపోతే ఆవిడ నవ్వుతూ విప్పేసి, మళ్లీ నా చేతికే ఇచ్చేవారు.

ప్రయాణానికి రెండు వారాల ముందు, ఆవిడను విమానం ఎక్కవద్దన్నాడు డాక్టర్.

"అమ్మా, డేట్ పోస్ట్‌పోన్ చేసేద్దాం," అంది మా అమ్మాయి.

ఆవిడ ఒప్పుకోలేదు. "నా కోసం ఏదీ ఆపొద్దు. ఫొటోలు పంపండి, చాలు," అన్నారు.

నాకు మనసొప్పలేదు. ఆ ఆదివారం గరాజ్‌లోంచి మంచు ఎత్తిపోసే పారలు రెండు, రెండు చీపురు కర్రలు తెచ్చి బట్టను వాటికి కట్టాను. మావారు, నేను, అబ్బాయి తల్లిదండ్రులు మా హాల్లో తలో కర్రా పట్టుకుని నిలబడ్డాం. పిల్లలిద్దరూ జీన్స్‌లోనే దాని కిందికి వచ్చారు. ఆవిడ సోఫాలోంచి మెల్లగా లేచి, వాళ్ల తలల మీద చేతులుంచి హీబ్రూలో దీవించారు. నా చేతులు లాగేస్తున్నా, ఆవిడ ముగించేదాకా కర్ర దించలేదు.

మెక్సికోలో పెళ్లి ఘనంగా జరిగింది. ఆవిడ పోయి రెండేళ్లయింది. పెళ్లి ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, నేను ముందు ఆ ఆదివారం సంగతే చెబుతాను.