జగిత్యాల టెంటులో వైవా

2011 సెప్టెంబరు చివర ఒక పీహెచ్‌డీ వైవాకు బయటి పరీక్షకురాలిగా జగిత్యాల వెళ్లాను. అప్పటికి నేను పూణేలో ఒక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ప్రొఫెసర్‌ని. పుట్టి పెరిగింది కోరుట్లలో. ఉద్యోగంలో చేరాక ఎన్నో ఊళ్లలో వైవాలు చేశాను గానీ, మా ఊరికి అంత దగ్గరలో పని పడడం అదే మొదలు. నియామకపు ఉత్తర్వు చదివిన రోజు మా వారికి రెండుసార్లు చదివి వినిపించాను.

వైవా అంటే ఏమిటో చెప్పాలి. పరిశోధన చేసిన విద్యార్థి తన సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి ఇస్తే, దాన్ని బయటి ప్రొఫెసర్లకు పంపుతారు. వాళ్లు బాగుందని రాస్తే చివరి మెట్టుగా మౌఖిక పరీక్ష ఉంటుంది. అదే వైవా. అభ్యర్థి అందరి ముందు నిలబడి తన పనిని సమర్థించుకోవాలి. ఆ విశ్వవిద్యాలయంలో బోర్డు అంటే ఇద్దరమే. పరిశోధనకు దారి చూపిన గైడ్ కన్వీనర్, బయటి పరీక్షకురాలిగా నేను. ఇద్దరి సంతకాలూ పడితేనే డిగ్రీ.

అభ్యర్థి పేరు రజిత. ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లెలో కూలి చేసుకుని బతికే ఇంటి పిల్ల. మగవాళ్లు గల్ఫ్‌కు వలసపోయిన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని ఆమె అంశం. గ్రంథం నేను చదివి మంచి నివేదికే పంపాను. అయితే అప్పుడు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు, కాలేజీలు, ఆఫీసులు మూతబడ్డాయి. మా వారు వాయిదా వేసుకొమ్మన్నారు. నేనూ రజిత గైడ్ గంగాధర్ గారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన, ఆ పిల్లకు వచ్చే వారమే వేరే రాష్ట్రంలో అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, వైవా అయినట్టు బోర్డు నివేదిక చూపకపోతే లోపలికే రానివ్వరని చెప్పారు. "మీరైతే రాండ్రి మేడం, సూద్దాం" అన్నారు.

హైదరాబాదు నుంచి ఒక ప్రైవేటు జీపులో బయలుదేరాను. సిరిసిల్ల దగ్గరికొస్తే మరమగ్గాల చప్పుడు వినిపించాలి. చిన్నప్పుడు మా చిన్నాన్న ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. ఆ రోజు బంద్. మగ్గాలు ఆగి ఊరంతా కొత్తగా ఉంది. పట్టణం మొదట్లోనే రోడ్డు మీద రాళ్లతో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నిరసనగా రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం అన్నమాట. జీపు ఆగింది. గరిటె చేతిలో పట్టుకుని ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది.

"ఏడికి వోతున్నరమ్మా?"

జగిత్యాలలో ఒక అమ్మాయికి పరీక్ష పెట్టడానికి వెళుతున్నానని చెప్పాను.

"పరీక్షలన్ని బందయినయ్ గదా! గిదేం పరీక్ష?"

ఉన్నదున్నట్టు వివరించాను. చుట్టూ పదిమంది చేరి విన్నారు. "అంటే గా పిల్ల ఏండ్లకేండ్లు రాసింది మీరు ఒక్క పూటల తేలుస్తరా?" అని ఒకాయన అడిగాడు. అవునన్నాను. "మంచిగనే ఉన్నది మీ కొలువు" అన్నాడు. అందరూ నవ్వారు.

పెద్దావిడ మాత్రం నా ముఖమే చూస్తున్నది. "మీదేడ?" అంది.

"కోరుట్ల."

"కోరుట్లోల్లు గిట్ల మాట్లాడుతరా? టీవీల వార్తలు సదివినట్టు?"

పూణేలో నాకు తెలుగుతో పనే లేదు. ఇంట్లో మా వారితో ఉర్దూ, క్లాసులో ఇంగ్లీషు, బజారులో మరాఠీ. తెలుగు మాట్లాడేది సభలకు పిలిచినప్పుడే. అక్కడ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. ఆవిడ నా చేతిలో విస్తరి పెట్టి పప్పన్నం వడ్డించింది. "తిని పో బిడ్డా, నీ ఊరోల్ల తిండే" అంది. రోడ్డు మధ్య నిలబడి తిన్నాను. అంత రుచిగా అన్నం తిని ఎన్నాళ్లయిందో. జీపుకు దారి ఇచ్చారు.

మధ్యాహ్నానికి కోరుట్ల చేరాను. జీపు అక్కడి వరకే. మా అక్క మెహర్ ఆపా గుమ్మంలోనే పట్టుకుంది. దుల్హేభాయ్, అంటే మా బావగారు, దర్జీ. సమ్మె మొదలైనప్పటి నుంచి జెండాలు, బ్యానర్లే కుడుతున్నానని మిషను మీది నుంచి తలెత్తకుండానే చెప్పారు. ఆపా ఒక వాక్యం ఉర్దూలో, ఒక వాక్యం తెలుగులో మాట్లాడుతుంది. ఫోన్లో ఎన్నిసార్లు విన్నా, ఎదురుగా కూర్చుని వింటే వేరు. సాయంత్రానికి నా మాట కూడా మారడం నేనే గమనించాను. 'వస్తున్నాను' పోయి 'వస్తున్న' అయింది. ఆపా కూడా గమనించింది. "ఇగ నసీమ్ ఇంటికొచ్చింది" అని నా పేరు పెట్టి దుల్హేభాయ్‌తో అంది.

మరునాడు పొద్దున ఆయన నన్ను తన మోపెడ్ మీద జగిత్యాల తీసుకుపోయారు. వెనక కూర్చుని గ్రంథం ఒళ్లో పట్టుకున్నాను. దారిలో ఎక్కడ ఆపినా "మా మరదలు ప్రొఫెసర్, పరీక్షకు వోతున్నది" అని ఆయనే గర్వంగా చెప్పి దాటించారు.

వైవా జరగాల్సింది గంగాధర్ గారు పనిచేసే కాలేజీలో; దాని గేటుకు తాళం వేసి ఉంది. గేటు పక్కనే ప్రహరీకి ఆనుకుని పెద్ద టెంటు. అందులో అధ్యాపకులు, ఊళ్లోని ఆఫీసుల ఉద్యోగులు రోజుకు కొందరు నిరాహారంగా ఉండే రిలే దీక్షలో కూర్చున్నారు; మద్దతుగా ఊరి జనమూ చేరారు. డప్పులు మోగుతున్నాయి. గంగాధర్ గారు మెడలో దండతో లేచి వచ్చారు. ఆ రోజు దీక్ష ఆయనదే. ఆయన వెనకాల ముదురు నీలం చీరలో సన్నగా ఒక అమ్మాయి నమస్కారం పెట్టింది. రజిత.

"మేడం, మిమ్ముల గింత దూరం రప్పిచ్చిన, ఏమనుకోకుండ్రి" అన్నారు గంగాధర్ గారు. "రాత్రంత ఆలోచన జేసిన. నేను సమ్మెల ఉన్న. బోర్డుల కూసోని సంతకం వెడితె కొలువుకు ఎక్కినట్టే. నా తోటోల్ల ముఖం ఎట్ల సూడాలె?"

నేను రజిత వైపు చూశాను. బతిమాలుతుందేమో అనుకున్నాను.

"సార్‌ను సమ్మె ఇడువుమని నేను అడుగ మేడం. నేను గూడ ఈ టెంటుల కూసున్నదాన్నే. ఇంటర్వ్యూ పోతే పోనీ" అంది. గొంతు గట్టిగానే ఉంది. చేతిలో ఉన్న చీర కొంగు మాత్రం నలిగిపోతున్నది.

ఇద్దరూ సూటిగా మాట్లాడారు. తప్పు ఎవరిదీ కాదు. తిరిగి వెళ్లిపోవడమే మర్యాద. కానీ వెళ్లబుద్ధి కాలేదు. సంచిలోంచి విశ్వవిద్యాలయం నిబంధనల ప్రతి తీసి వైవా భాగం మళ్లీ చదివాను. అది బహిరంగ పరీక్షగా జరగాలి, ఎవరైనా వచ్చి వినవచ్చు, బోర్డు అనుమతితో ప్రశ్నలు అడగవచ్చు, స్థలాన్ని డీన్ ఆమోదంతో కన్వీనర్ నిర్ణయించవచ్చు అని ఉంది. ఇన్నేళ్లలో ఆ మాటలు వందసార్లు చదివి ఉంటాను. ఎప్పుడూ మూసిన గదిలో అయిదారుగురు అధ్యాపకుల మధ్యే చేశాం.

"గంగాధర్ గారూ, ఇక్కడే చేద్దామా? ఈ టెంటులో?" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశారు. మాట బయటికి పొక్కింది. డప్పులు ఆగిపోయాయి. ఇక టెంటులో వాదన మొదలైంది. ఒక యువ లెక్చరర్ లేచి, "ఇయ్యాల వైవా అంటరు, రేపు క్లాసులంటరు. గిట్లనే ఒక్కొక్కటి జారిపోతది సార్" అన్నాడు. అది తీసిపారేసే మాట కాదు. చాలామంది తలలూపారు. తహసీలు ఆఫీసులో పనిచేసే రాజేశం అనే సీనియర్ అసిస్టెంటు మైకు అందుకున్నాడు. "మనం బంద్ జేసింది సర్కారు కొలువు. బిడ్డ సదువు గాదు. సార్ రిజిస్టర్ల సంతకం వెట్టడు, గేటు తాళం దియ్యడు, దండ గూడ దియ్యడు. దీక్షల కూసోనే ప్రశ్నలడుగుతడు. గిది కొలువెట్లయితది?" అన్నాడు.

ఆ యువ లెక్చరర్ "దండ దియ్యకుంటె నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. టెంటంతా చప్పట్లు. గంగాధర్ గారు డీన్‌కు ఫోన్ చేసి స్థలం మార్పు చెప్పారు. డీన్ కాస్త తటపటాయించి, ఒప్పుకుంటున్నట్టు సందేశం పంపారు.

వేదిక మీద బల్ల వేశారు. మొదట అభ్యర్థి తన పని సారాంశం చెప్పాలి. రజిత అలవాటు ప్రకారం ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు కాకముందే వెనక నుంచి కేక: "తెలుగుల జెప్పు బిడ్డా, మేం గూడ ఇంటం!" ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. కాగితాలు బల్ల మీద పెట్టేసి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. భర్తలు ఎడారి దేశాల్లో ఉంటే పొలం ఎవరు చూస్తున్నారు, కైకిళ్లకు కూలీలను ఎవరు మాట్లాడుతున్నారు, అయినా కాగితాల్లో ఆ ఆడవాళ్లను పని లేనివాళ్లుగా ఎట్లా రాస్తున్నారు — ఇవన్నీ.

నా వంతు వచ్చింది. "మీరు మీ సొంత మనుషుల ఇళ్లతోనే మొదలుపెట్టారు. తెలిసినవాళ్లని అడిగితే మీకు నచ్చే జవాబులే రావా?" అన్నాను. పరిశోధన పద్ధతి మీద ఇది గట్టి ప్రశ్న.

"ఉల్టా అయింది మేడం. తెలిసినోల్లే నాకాడ దాసిపెట్టిండ్రు. ఊరంత జెప్తనని భయం. అందుకే నన్నెరుగని వీర్నపల్లి దిక్కు పల్లెలకు వోయిన. ఆడ దొరికిన జవాబులు వట్టుకోని మళ్ల మా ఊర్ల అడిగిన. రెండు పోల్చే నాలుగో అధ్యాయం రాసిన."

సభను ప్రశ్నలు అడగమన్నాం. ముందు వరుసలో కూర్చున్న ఒక బీడీ కార్మికురాలు లేచింది. "మా ఆయన దుబాయిల ఉన్నడు. బీడీలు జేస్త, పొలం జూస్త, పిల్లల జూస్త. నీ బుక్కుల నన్నేమని రాసినవ్?"

"ఇంటి పెద్ద అని రాసిన అక్కా."

ఆడవాళ్లు ఈలలు వేసినంత పని చేశారు. వెంటనే గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన లేచాడు. "మరి మేమెవ్వలం? ఎండల మాడి పైసలు పంపింది మేం గాదా?"

"మీరే అన్నా. కాదంటలేను. గని మీరు ఆడున్నప్పుడు ఈడ నాటు ఎప్పుడెయ్యాల్నో ఎవలు జెప్పిండ్రు?"

ఆయన తల గోక్కుని, "ఆమెనే" అన్నాడు. టెంటు నవ్వులతో ఊగిపోయింది.

నవ్వులు తగ్గాక నేను చివరి ప్రశ్న వేశాను. గ్రంథంలో నాకు కనిపించిన పెద్ద వెలితి అదే. "ఆయన అడిగిందే నేనూ అడుగుతున్నాను. వలసపోయిన మగవాళ్లతో మీరు ఒక్కసారైనా మాట్లాడారా?"

"లేదు మేడం. ఫోన్ల దొరికినోల్లతోనన్న మాట్లాడాల్సి ఉండె. అది లోపమే" అంది రజిత.

పిల్లను ఫెయిల్ చేస్తానేమోనని జనం గుసగుసలాడారు. పరీక్షకులకు మాత్రం తెలుసు, తన పని హద్దు ఎక్కడుందో చెప్పగలిగిన అభ్యర్థి గట్టెక్కినట్టే. నేనూ గంగాధర్ గారూ ఆనవాయితీ ప్రకారం పక్కకు పోయి, రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర రెండు మాటలు మాట్లాడుకుని, నివేదిక మీద సంతకాలు చేశాం. ఆయన మెడలో దండ అట్లాగే ఉంది. ఆ లోపాన్ని ముందుమాటలో స్పష్టంగా ఒప్పుకోవాలన్న సవరణ ఒక్కటి రాశాను.

ఫలితాన్ని బయటి పరీక్షకురాలే ప్రకటించాలి. మైకు ముందు నిలబడ్డాను. ఎప్పుడూ చెప్పే ఇంగ్లీషు వాక్యం నోటి దాకా వచ్చింది గానీ, బయటికి మాత్రం వేరే వచ్చింది. "మీ బిడ్డ పాసయింది. ఇయ్యాల్టి నుంచి ఆమె డాక్టర్ రజిత."

డప్పులు ఒక్కసారిగా లేచాయి. జై తెలంగాణ అన్న నినాదంలో తరువాతి నా మాటలు ఎవరికీ వినిపించలేదు. రజిత గంగాధర్ గారి కాళ్లకు మొక్కింది. లేచి బీడీ కార్మికురాలిని కావిలించుకుని ఏడ్చింది. దుల్హేభాయ్ టెంటు చివర కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొడుతున్నారు.

ఆ తరువాత రైళ్లు కూడా ఆగడంతో వారం పాటు కోరుట్లలోనే ఉండిపోయాను. అన్నేళ్లుగా కోరుకున్న సెలవు అది. మొదటి మూడు నాలుగు రోజులు ఆపా వెంట చుట్టాలిండ్లన్నీ తిరిగాను. తరువాత ఒక పొద్దున చాయ్ తాగుతుంటే పూణేలోని మా వంటగది, మా వారు పెట్టే పాత రేడియో గుర్తొచ్చి ఉండలేకపోయాను. ఇంటి మీద బెంగ అంటే కోరుట్ల మీద బెంగ అనే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. రెండు ఇళ్లున్నవాళ్లకు ఏదో ఒకటి ఎప్పుడూ దూరంగానే ఉంటుందని ఆ పొద్దున ఒప్పుకున్నాను.

సమ్మె ముగిశాక విశ్వవిద్యాలయం ఆఫీసు, వైవా గదిలో ఎందుకు జరగలేదని వివరణ అడిగింది. డీన్ సందేశం, నిబంధన సంఖ్య జతచేసి పంపాం. మళ్లీ అడగలేదు. రజిత మాత్రం సమ్మె నడుస్తుండగానే లారీలో రాష్ట్ర సరిహద్దు దాటి, అక్కడి నుంచి రైల్లో పోయి ఇంటర్వ్యూకు హాజరయింది. ఆ ఉద్యోగం రాలేదు. మరుసటి ఏడాది మరోచోట వచ్చింది. వలసపోయిన మగవాళ్ల మీద ఆమె రాసిన వ్యాసం తరువాత నా దగ్గరికే సమీక్షకు వచ్చింది. చాలా కఠినంగానే సమీక్షించాను, అచ్చుకు సిఫారసు చేశాను.

ఈ ఉదంతం నా వృత్తికి నేర్పింది ఒక్కటి. నిబంధనలో బహిరంగ పరీక్ష అని రాసింది అలంకారానికి కాదు. పరిశోధన ఎవరి గురించి జరిగిందో వాళ్లు వినగలిగేచోట, వాళ్లకు తెలిసిన భాషలో దాన్ని సమర్థించుకోగలగాలి. ఆ తరువాత రిటైరయ్యే దాకా నేను వెళ్లిన ప్రతి వైవాలో సారాంశంలో కొంత భాగమైనా ఆ జనం మాట్లాడే భాషలో చెప్పాలని, తలుపు తెరిచి ఉంచాలని అడిగాను. కొన్ని శాఖలు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నచోట మాత్రం ప్రశ్నలు మెరుగయ్యాయి.