అరవై రెండా, అరవై మూడా

నేను రాసిన వ్యాసంలోంచి ఒక సంవత్సరాన్ని కొట్టేశారు, ఒక మనిషిని తీసేశారు. నేను పెట్టని పేరొకటి పైన తగిలించి, కింద నా పేరు మాత్రం భద్రంగా ఉంచారు.

ఆ వ్యాసం కువైట్‌లో మన తెలుగువాళ్ల సంఘం ఒకటి ఏటా వేసే సంచికలోది. పాంపే అనే రోమను పట్టణాన్ని అగ్నిపర్వతం కప్పేసిందని చాలామందికి తెలుసు. అంతకు కొన్నేళ్ల ముందు అదే ప్రాంతాన్ని ఒక భూకంపం కూల్చిందని కొందరికే తెలుసు. నేను దాని గురించి రాశాను. బడి చదువు నాకు ఎక్కువ లేదు. షర్క్‌లో ఒక గోదాములో పనిచేసిన కాలంలో, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, పాత ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినవాణ్ణి.

ఆ భూకంపం గురించి రాసిపెట్టినవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన తత్వవేత్త, అప్పటికే పెద్దవాడు, జరిగిన కొద్దికాలానికే రాశాడు. రెండో ఆయన చరిత్రకారుడు. అప్పటికి పసివాడు, పెద్దయ్యాక రాశాడు. ఆ కాలంలో రోములో ఏడాదిని అంకెతో కాక, ఆ ఏడాది పదవిలో ఉన్న ఇద్దరు పెద్ద అధికారుల పేర్లతో చెప్పుకునేవారు. తత్వవేత్త చెప్పిన పేర్లను బట్టి అది మన లెక్కలో క్రీ.శ. అరవై మూడు. చరిత్రకారుడు దాన్ని అంతకు ముందటి ఏడాదిలో చేర్చాడు. పండితుల్లో ఎక్కువమంది అరవై రెండు వైపే ఉన్నారు. ఉండనీ. నాకు తేలలేదు, తేలలేదనే రాశాను.

మనుషుల పేర్లతో ఏళ్లు లెక్కపెట్టడం మనవాళ్లకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే, అబూ హలీఫాలో మా కింది అంతస్తులో ఉండే దంపతులు గుర్తుకొచ్చారు. రాయచోటి వైపు వాళ్లు. ఆమె ఫింటాస్‌లో ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది, ఆయన ఆ ఇంటికే డ్రైవరు. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. ఒకసారి ఇక్కడ కూడా భూమి కొంచెం అదిరింది. అప్పుడు ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. ఎప్పుడమ్మా అది, అని అడిగాను.

"ముసిలి మామా బతికుండేటప్పుడన్నా. వంటింట్లో గిన్నెలు గలగలమన్యాయి. ముసిలామెను రెక్క పట్టుకోని నేనే మెట్లు దింపితి. చిన్న మామాకు కవల పిల్లోళ్లు ఇంకా పుట్టలేదు."

"పుట్టినారు," అన్నాడు ఆయన. "వాళ్లిద్దర్నీ నేనే కదా కార్లో కూసోబెట్టింది."

"నువ్వా? నువ్వు కార్లో పండుకోని గుర్రు పెడతాంటివి. లేపిందే నేను! ఏందన్నా, ఈయప్ప మాట గూడా రాసుకుంటాండావు?"

"ఇద్దరివీ రాసుకుంటానమ్మా."

"అయితే ఈయప్పది కింద రాయి. నాది పైన రాయి."

ఆ రోము కాలపు భూకంపంలో ఆరువందల గొర్రెల మంద చచ్చిపోయిందని తత్వవేత్త రాసిన సంగతి కూడా ఆమెకు చెప్పాను. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. "ఆరునూర్లా! ఎవురివో పాపం," అంది. తర్వాత అడిగింది: "నా మాట నిజ్జంగా పుస్తకంలో ఏస్తారాన్నా? మా పాప సదువుతాది. ఊరికి పంపిస్తా."

వేస్తారని మాట ఇచ్చాను.

సంచిక వచ్చిన శుక్రవారం ఆమె దాన్ని పట్టుకుని పైకి వచ్చింది. "నేను యాడుండానన్నా?" అని తెరిచి నా ముందు పెట్టింది. ఎక్కడా లేదు. పైన లావు అక్షరాల్లో 'క్రీ.శ. 62 పాంపే మహాభూకంపం' అని ఉంది. వెనకే వచ్చిన భర్త, "ఖలాస్! నిన్నూ నీ ముసిలి మామానూ ఒక్క దెబ్బకు ఎత్తేసినారు," అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. పుస్తకం మూసి, నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

సంపాదకుడు షర్క్‌లో ఉద్యోగం చేసే కుర్ర ఇంజనీరు. మర్నాడే వెళ్లాను.

"అంకుల్, రెండు సంవత్సరాలూ వేస్తే మనకే తెలీదనుకుంటారండీ."

"మనకు తెలీదు కదా నాయనా."

"నెట్‌లో చూశానండీ, అరవై రెండనే ఉంది."

"మరి ఆ పేరెవరు పెట్టారు?"

"ఏదో ఒక పేరుండాలి కదండీ. పాంపే అంటే అందరికీ తెలుస్తుంది."

పాంపే ఇంత పేరు మోసింది అగ్నిపర్వతం కప్పేశాకే. భూమి కదిలిన నాటికి అది చుట్టుపక్కల కూలిన ఊళ్లలో ఒక ఊరు. తర్వాత జరగబోయేది తెలిసినవాళ్లం మనం, తెలియనివాళ్లు వాళ్లు. మన తెలివిని తీసుకెళ్లి వాళ్ల బాధకు పేరుగా పెడితే ఎట్లా? అదే అడిగాను. అతను గడియారం చూసుకున్నాడు.

"మరి ఆమెను ఎందుకు తీసేశావు?"

"అది పర్సనల్ కదండీ. హిస్టరీ కాదు."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ముసలి మామా పోయింది. చిన్న మామా కుటుంబం ఇల్లు మారింది. భూమి అదిరిన రోజున వణికే ముసలామెను మెట్లు దింపింది ఎవరో చెప్పడానికి మిగిలింది ఈమె నోరొక్కటే. అది కూడా రోముకు ఉదాహరణగా, నా వ్యాసం నీడలో నిలబడింది. ఇక్కడ మాలో ఎవరిని అడిగినా అంతే: ఇరాక్ యుద్ధానికి ముందు, తర్వాత, వీసా ఇచ్చిన పాత కఫీల్ దగ్గర, కొత్త కఫీల్ దగ్గర. అలా చెబితే గుర్తు లేనట్టు కాదు. ఎవరి కింద బతికామో వాళ్ల పేరుతో ఏళ్లు గుర్తున్నట్టు. తత్వవేత్త అలా చెబితే చరిత్ర అయింది.

ఇదంతా సంఘానికి ఉత్తరంగా రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కింది అంతస్తు మెట్ల దగ్గర ఆమె ఎదురైతే పలకరించేది కానీ, పుస్తకం సంగతి ఎత్తేది కాదు. నేనే తల దించుకునేవాణ్ణి.

చివరికి జవాబు వచ్చింది:

"అంకుల్‌కి నమస్కారం. ఆలస్యానికి మన్నించండి. మీ ఉత్తరాలు కమిటీలో అందరం చదివాం. రోము భూకంపానికి '62 లేదా 63' అని వచ్చే సంచికలో సవరణ వేస్తాం. పేరు కూడా తీసేస్తాం. ఆవిడ చెప్పిన భాగం పూర్తిగా వేయడానికి కూడా అందరూ ఒప్పుకున్నారు. ఒక్కటే ఇబ్బంది. అది ఏ సంవత్సరమో ఆవిడని ఇంకోసారి గట్టిగా అడిగి చెప్పండి. ఏడాది లేకుండా వేస్తే ఎవరూ నమ్మరు."