ఎస్తేరు ఒప్పుకోలేదు

బెళుగుప్ప చుట్టుపక్కల పొలాల్లో కూలీలు కావాలంటే రైతులు ముందు ఎస్తేరునే అడుగుతారు. శెనక్కాయ పెరకడానికైనా, మిరప కోతకైనా ఆమె ఒక్క కేక వేస్తే ఆమె ఉండే కాలనీ ఆడవాళ్లంతా కదులుతారు. ఆ కేకే ఇంటి మీదికి కేసు తెచ్చిందని ఆమె మొగుడు నాగన్న నమ్మకం.

ఆ వేసవిలో కాలనీ బోరు ఎండిపోయింది. మండలం వాళ్లు ట్యాంకరు పంపుతామన్నారు. పంపారు కూడా. అది కాలనీ మలుపు దగ్గర ఆగకుండా నేరుగా ఊరి పెద్ద చెన్నప్ప దానిమ్మ తోటలోకి పోయేది. అడుగున మిగిలిన నీళ్లే కాలనీకి. కొన్నాళ్లు చూసి, ఒక పొద్దున ఎస్తేరు ఆడవాళ్లను వెంటబెట్టుకొని పోయి దారికడ్డంగా ఖాళీ బిందెలు పేర్చింది. ట్యాంకరు ఆగింది. కాసేపటికి మండలం అధికారి ఒకాయన జీపులో దిగి దారి వదలమన్నాడు.

"మీరు నీళ్లు వదలండి సార్, మేము దారి వదుల్తాం" అంది ఎస్తేరు.

ఆయన ఒళ్లు మండి ఒక బిందెను తన్నబోయాడు. కాలు జారి మోకాళ్ల మీద పడ్డాడు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టినా ఆయనకు అంత నొప్పి పుట్టేది కాదేమో.

వారం తిరక్కముందే ఎస్తేరుకు పోలీసు నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగిని పని చేయనీయకుండా అడ్డుకొని, బిందెతో కొట్టి గాయపరిచిందని కేసు. స్టేషన్లో ఎస్సై ఒక కాగితం ముందుకు తోసి వేలిముద్ర వేయమన్నాడు.

"ఏం రాసినారు సార్ దీంట్లో?"

"జరిగిందే రాసినాం. వెయ్."

"అట్లయితే చదివి చెప్పండి. జరిగింది నాకూ తెలుసు."

విసుక్కుంటూ చదివాడు. బిందెతో కొట్టింది అన్న మాట దగ్గర ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "కొట్టలేదు. ముద్ర వెయ్యను." ఎస్సై గద్దించాడు, జైలన్నాడు. అయినా ఎస్తేరు ముద్ర వేయలేదు. సాయంత్రానికి, పిలిచినప్పుడు రావాలని చెప్పి పంపేశారు.

కొన్ని నెలలకు కోర్టు సమన్లు వచ్చాయి. అదే రోజు చెన్నప్ప ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం మే ఎస్తేరూ, ఎందుకు ఈ తిప్పలు? ఆ మండలం ఆయప్ప కాళ్లు పట్టుకో. నేను చెప్పి కేసు వాపసు తీయిస్తా."

"చేయని తప్పుకు కాళ్లెందుకు పట్టుకోవాలన్నా?"

చెన్నప్ప వెళ్లాక నాగన్న తల పట్టుకున్నాడు. "పెద్దోళ్లతో మనకెందుకు మే? తప్పయిందని ఒక మాట అనేస్తే పోతాది కదా."

"నువ్వు ఊరికే ఉండప్పా. ఆ మాట నా నోట్లోంచి రాదు."

కోర్టులో, నీకు లాయరు ఉన్నాడా అని జడ్జి అడిగితే లేడంది. అప్పుడు న్యాయసేవ కింద అనుపమ అనే లాయరును పెట్టారు. ఆడవాళ్లెవరికైనా ఈ సాయం ఉచితమేనని అనుపమే చెప్పింది. కోర్టు బయట చింతచెట్టు కింద కూర్చోబెట్టి దారులన్నీ విడమరిచింది.

"కేసు ఇప్పుడు ఆ అధికారిది కాదు ఎస్తేరమ్మా, ప్రభుత్వానిది. ఆయన వద్దన్నంత మాత్రాన పోదు. ఈ సెక్షన్లో రాజీ కూడా కుదరదు. ఒప్పుకుంటే తొందరగా తేలుతుంది. జరిమానా వేయొచ్చు, జైలూ పడొచ్చు. ఏది పడినా నువ్వు కొట్టినావనే రికార్డులో ఉండిపోతుంది. హైకోర్టుకు పోయి కేసు కొట్టేయమని అడగొచ్చు. లేదంటే ఇక్కడే విచారణకు నిలబడొచ్చు. నువ్వు కొట్టలేదని నువ్వు నిరూపించే పని లేదు. కొట్టినావని వాళ్లే నిరూపించాల."

"వాళ్లే నిరూపించాల్నా?" ఎస్తేరు ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అయితే ఈడనే నిలబడతా మేడమ్. నిరూపించమనండి, చూస్తా."

అధికారి బోనెక్కాడు. వెనక నుంచి బిందె తగిలిందన్నాడు. వెనక తగిలితే వీపు మీద ఏ దెబ్బా లేకుండా మోకాళ్లు మాత్రమే ఎట్లా గీరుకుపోయాయని అనుపమ అడిగింది. ఆయన గ్లాసులో నీళ్లు తాగి, సరిగ్గా గుర్తు లేదన్నాడు. తరువాత ట్యాంకరు డ్రైవరు నల్లప్ప వచ్చాడు. అతను పోలీసుల సాక్షే. అతని పని చెన్నప్ప దయ మీద నడిచేది.

"ఆయమ్మ కొట్టలేదు సార్" అన్నాడు. "ఆయప్పే బిందెను తన్నబోయి పడినాడు. నేను స్టీరింగు దగ్గర్నుంచి చూసినా."

ప్రభుత్వ లాయరు ఎంత తిప్పి అడిగినా ఆ మాట మారలేదు. తీర్పు రోజున నేరం రుజువు కాలేదని జడ్జి చదివాడు. వెళ్లొచ్చు అన్నాక కూడా ఎస్తేరు కదల్లేదు.

"మరి మా నీళ్ల సంగతేంది సార్?"

అది ఈ కేసులోది కాదని, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలని జడ్జి అన్నాడు. ఆమె బయటికొచ్చి అనుపమ చెయ్యి పట్టుకుంది. "ఆ అర్జీ ఈ పొద్దే రాయండి మేడమ్. దాంట్లో వేలిముద్ర వేస్తా." ఆమె రాసిన అర్జీ జిల్లా ఆఫీసుకు పోయింది, విచారణకు మనుషులొచ్చారు, కాలనీ మలుపులో ట్యాంకరు ఆగడం మొదలైంది.

ట్యాంకరు మీద ఇప్పుడు నల్లప్ప లేడు. సాక్ష్యం చెప్పిన వారానికే అతని పని పోయింది. ఎస్తేరు అతని ఇంటికి పోయి, "రేపట్నుంచి నాతో మిరప కోతకు రాప్పా" అంది. మొదట సిగ్గుపడ్డాడు, తరువాత వచ్చాడు.

మొన్న పక్క ఊరి కదిరమ్మ కొంగులో నోటీసు దాచుకొని ఏడుస్తూ వచ్చింది. బంజరు భూమిలో గుడిసె వేసిందని కేసు. ఎస్తేరు కొడవలి పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"ఏడుపు తరువాత. ముందు దాంట్లో ఏం రాసినారో చదివిద్దాం పద. దేని మీదా ముద్ర మాత్రం వెయ్యొద్దు."